పేరు లేని చావులు

“పురిటి ఆసుపత్రి పక్కూరికి ఇచ్చీసినారట బాబూ. పసిపిల్లల చావులు ఎక్కువున్న ఊరికే ఇస్తారట. మనూళ్ళో మూడేళ్ళుగా ఒక్క పసిగుడ్డూ పోనేదని కాయితంలో ఉన్నాదట. ఏటిది?”

అరుగు ముందు నిలబడి అడిగింది మంత్రసాని గౌరమ్మ. మునసబు అప్పలనరసయ్య జనన మరణాల రిజిస్టరు మూసి పక్కన పెట్టాడు.

“పదకొండుమంది పోయారు. పోయినప్పుడల్లా వచ్చి సెప్పాను. రాస్తానన్నారు.”

“పేరైనా పెట్టకుండా పోయినోళ్ళని ఏమని రాస్తానే? సావుల్లేని ఊరని పైవోళ్ళు మెచ్చుకున్నారు కూడాను.”

లోపల చేట చప్పుడు ఆగిపోయింది. అతని భార్య పైడమ్మ నిండు నెలల పొట్టతో గడప దాటి వచ్చింది.

“మనోడినీ రాయనేదా?”

అతను మూసిన రిజిస్టరును దగ్గరకి లాక్కున్నాడు.

“ఆరు రోజులు నా పాలు తాగాడు. ఆడు పోయిననాడు నా పక్కన కూకుని ఏడిసారు. మర్నాడు మీరు ఈ పుస్తకం తీసి రాస్తంటే సూసాను. ఆడినే రాస్తన్నారనుకున్నాను.”

“ఆవేళ ఎవరిదో పుట్టుక రాసాను,” అన్నాడు మెల్లగా.

“ఈసారి కష్టమైతే బండి మీద ఏరు దాటి పక్కూరి దాకా పోవాల,” అంది గౌరమ్మ.

పైడమ్మ పొట్ట మీద చెయ్యి వేసుకుని రిజిస్టరు వంక చూసింది.

“ఈసారి పుట్టకముందే పేరు పెట్టేస్తాను. పోతే, రాసుకోడానికి మీకు పనికొస్తాది.”