అక్క గ్రూపు

"దూది నొక్కండి సార్, రక్తం కారుతోంది," అంది ల్యాబ్ అమ్మాయి.

కారనీ అనుకున్నాను. అక్క పోయిన ఈ ఇరవై రోజుల్లో నాకు ఏదీ పట్టడం లేదు. ఏడుపు కూడా రాలేదు.

ఆమె నా రక్తపు చుక్కల్లో మందు కలిపి, గాజుపలకను అటూ ఇటూ వంచి చూసి నొసలు చిట్లించింది.

"మీ పాత కార్డులో బి పాజిటివ్ అని ఉంది. ఇక్కడేమో ఓ పాజిటివ్ వస్తోంది!"

"ఓ పాజిటివ్ మా అక్కది. రెండేళ్ళ కిందట నాకు ఎముక మూలుగ ఇచ్చింది."

"అదీ సంగతి! ఇప్పుడు మీ ఒంట్లో రక్తం తయారుచేస్తున్నది ఆవిడ మూలుగే సార్. జబ్బులతో పోరాడే తెల్లకణాలూ ఆవిడవే. మొన్న జ్వరం రెండు రోజుల్లో తగ్గిందన్నారే, అదీ ఆవిడ చలవే."

"చిన్నప్పుడూ అంతే. నన్నెవడైనా కొడితే అక్కే వెళ్ళి కొట్లాడేది."

ఆమె నవ్వింది. "ఇప్పుడెలా ఉన్నారు ఆవిడ?"

'పోయింది' అని ఫోనులో అందరికీ తడుముకోకుండా చెప్పినవాణ్ణి. ఇప్పుడు ఆ మాట నోట్లోంచి రాలేదు. దూదిని అదిమి పట్టుకున్నాను.

"రక్తం ఎప్పుడో ఆగిపోయింది సార్. ఇక తీసెయ్యొచ్చు."

నేను తియ్యలేదు.