ఆరంగుళాల లోతు

"వీటిని రికార్డులో ఎక్కించలేను, టప్‌హోమ్ గారూ," అంటూ బ్రయనీ పెన్ను పక్కన పెట్టేసింది.

విల్ఫ్ టప్‌హోమ్‌కి ఒళ్ళు మండింది. పొలాల్లో దొరికిన పాత వస్తువులకి వయసు కట్టడానికి జిల్లా మ్యూజియంవాళ్ళు కూర్చోబెట్టిన పిల్ల ఆమె. బల్ల మీద, పాత పేపరు మీద, అతను తెచ్చిన ఆరు బకిళ్ళు ఉన్నాయి.

"ఏం? దొంగ సరుకా?"

"అయ్యో, అన్నీ అసలైనవే. ఇది బూటుది, మూడొందల ఏళ్ళ నాటిది. ఇది మోకాలి పట్టీది. కళ్ళజోడులా ఉందే, ఇది ఇంకా పాతది. ఎక్కడివన్నారు?"

"ఎన్నిసార్లు చెప్పాలమ్మాయ్? మా ఊరి బార్లీ చేలోవి. ఏటా కోతలయ్యాక, మట్టిలో లోహం ఉంటే కూతపెట్టే నా మెషీన్ పట్టుకు తిరిగితే ఒకటి. ఆరేళ్ళకి ఆరు."

"ఎంత లోతున?"

"ఆరంగుళాలు."

"అన్నీనా?"

"అన్నీ. నా చెయ్యి అలాంటిది మరి."

బ్రయనీ నవ్వబోయి ఆపుకుంది. ఆ నవ్వు విల్ఫ్ చూడలేదు. బూటు బకిల్ని వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు.

"మా మేవిస్ పోయి ఎనిమిది నెలలు. అప్పట్నుంచీ ఎంత తిరిగినా సీసా మూతలే. ఉన్నన్నాళ్ళూ తిట్టిపోసేది. 'ఆ తుప్పు ముక్కలు వండిపెట్టనా?' అనేది. ఇలాంటిది తెచ్చి ముందు పెడితే మాత్రం, కళ్ళద్దాలు వెతుక్కుని మరీ చూసేది." బకిల్ అంచుని బొటనవేలితో రుద్దాడు. "ఇంకొక్కటి జేబులో వేసుకుని ఇంటికెళ్ళాలనుంది. అంతే. ఆ చేలో ఇంకోటి ఉంటుందో ఉండదో తేల్చి చెప్పు. లేదంటే ఇవాళే మెషీన్ అమ్మి పారేస్తా."

బ్రయనీ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఈ ఆరూ ఇదివరకే ఈ బల్ల మీదికొచ్చాయండీ. పాత సామాన్ల సంతలో కొని, అసలుదో కాదో చూడమని ఏటా ఒకావిడ తెచ్చేది. 'ఎంత లోతున పాతితే మా ఆయన నమ్ముతాడు?' అని అడిగేది. ఆరంగుళాలు చాలని నేనే చెప్పాను."

విల్ఫ్ బూటు బకిల్ని మిగతా ఐదింటి పక్కన జాగ్రత్తగా పెట్టాడు.

"మెషీన్ అమ్మకండి," అంది బ్రయనీ మెల్లగా. "పోయిన కోతలప్పుడు ఏడోది పాతడానికి పట్టుకెళ్ళిందావిడ."