ఆ అమ్మాయి ఆగిన చోట

“ఎవ్రీ మార్నింగ్ ఐ డ్రింక్ ఎ గ్లాస్ ఆఫ్...”

అమ్మాయి మళ్ళీ అక్కడే ఆగింది. చూపు పుస్తకం మీద లేదు, మాస్టారి పెదవుల మీద ఉంది.

మాస్టారు ఎడమచేత్తో బల్ల మీది పాలగ్లాసు చూపించారు.

“అదేనండీ. ఇంగ్లీషులో దాని పేరే నోటికి రావడం లేదు.”

నిన్నా ఇదే వాక్యం, ఇదే గ్లాసు. ఈ పిల్ల తీరే అంత. కొండంతా ఎక్కి, గడప దగ్గర బోర్లా పడుతుంది. కాలేజీలో ఇంగ్లీషు చెబుతూ తల నెరిసిన ఆయనకు ఇలాంటి శిష్యురాలు ఎన్నడూ తగల్లేదు.

పక్షవాతం మాస్టారి కుడిచేతినీ మాటనూ ఒకేసారి పట్టుకుపోయింది. తలలో పదాలన్నీ భద్రంగానే ఉన్నాయి, నాలుక దాకా వచ్చేసరికి దారి తప్పుతున్నాయి. చూడవచ్చిన పాత సహోద్యోగిని కూర్చోమనబోతే ‘గొడుగు’ అని వచ్చింది. వచ్చినతను నవ్వాడు, వెంటనే ఆ నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు. ఆ దగ్గు మాస్టారి నోటికి తాళం వేసింది.

“మాట్లాడుతూ ఉంటేనే మాట తిరిగొస్తుంది. ఇలాగే మౌనంగా ఉంటే పూర్తిగా పోతుంది,” అని డాక్టరు చెప్పాడు. మాట నేర్పడానికి వచ్చిన యువకుడు పిల్లి బొమ్మ చూపించి “ఇదేంటి తాతగారూ?” అన్నాడు. బొమ్మలన్నీ కిటికీలోంచి బయటికి వెళ్ళాయి. ఆ తరువాత వచ్చినావిడకు గది తలుపే తెరుచుకోలేదు.

కొన్నాళ్ళకు కోడలు ఈ అమ్మాయిని వెంటబెట్టుకొచ్చింది.

“మామయ్యగారూ, ఈ పిల్లకి ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందట. ఇంగ్లీషు మాట్లాడటం అలవాటు కావాలట. మీరు వింటే చాలంది.”

“తప్పొస్తే నవ్వుతారని ఎక్కడా నోరు విప్పలేదండీ,” అంది అమ్మాయి. “మీరు నవ్వరని మీ కోడలుగారు చెప్పారు.”

ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. తల ఊపారు.

ఇప్పుడు అలా తల ఊపినందుకే విచారిస్తున్నారు. పలక మీద ఎడమచేత్తో రాసి చూపించబోయారు.

“మీ రాత నాకు తెలియడం లేదు సర్. మళ్ళీ మొదట్నుంచీ చెబుతాను. ఎవ్రీ మార్నింగ్ ఐ డ్రింక్ ఎ గ్లాస్ ఆఫ్...”

“మ్... మిల్క్!”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మాయి మాత్రం తల కూడా ఎత్తలేదు.

“ఎ గ్లాస్ ఆఫ్ మిల్క్. తరవాతది సర్...”

ఆమె ఆశ్చర్యపోయి ఉంటే, మెచ్చుకుని ఉంటే, మాస్టారు మళ్ళీ నోరు మూసుకునేవారు. ఆమెకు తన పాఠమే తప్ప ఆయన మాట పట్టినట్టు లేదు. అందువల్ల తరువాతి పదమూ వచ్చింది.

ఒకరోజు ఆమె “ప్లీజ్ క్లోజ్ ది...” అని ఆగితే, ఆయన నోట “డాగ్” అని వచ్చింది. మాస్టారి ముఖం పాలిపోయింది.

“ప్లీజ్ క్లోజ్ ది డాగ్,” అని అప్పజెప్పింది అమ్మాయి బుద్ధిగా.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది మాస్టారే.

“డో... డోర్. మొద్దూ!”

“నన్నా, మిమ్మల్నా సర్?”

“ఇ... ఇద్దర్నీ.”

అక్కడి నుంచి తప్పులంటే ఆయనకు జంకు పోయింది. అమ్మాయి ఆగే చోట్లు కూడా మారుతూ వచ్చాయి: మొదట చివరి పదం, పిమ్మట సగం వాక్యం, ఆపైన ప్రశ్న అడిగి, జవాబు మొత్తం ఆయనకే వదిలేసేది. ఇన్నాళ్ళ చదువుకు ఈ పిల్ల వెనక్కి నడుస్తోందేమిటని మాస్టారు లోలోపల దిగులుపడ్డారు.

ఇంటర్వ్యూ ముందురోజు ఆమెను దగ్గరికి పిలిచారు.

“భయ... పడకు. తప్పొచ్చినా... ఆగకు. నేనూ... ఆగిపోయాను. ఆగితేనే... పోతుంది.”

అమ్మాయి తల వంచుకుని వింది. వంగి ఆయన పాదాలకు దణ్ణం పెట్టింది.

మర్నాటి సాయంత్రం అమ్మాయి వచ్చింది.

“కుదిరింది సర్. రేపట్నుంచే పని.”

“ఎ... ఎక్కడ?”

“ఈ ఊళ్ళోనే. నాలుగు వీధుల అవతల.”

మాస్టారు వంటింటి వైపు తిరిగారు. “అమ్మాయ్, ఈ పిల్లకి... పాలు ఇవ్వు.”

కోడలు గ్లాసు అంచుదాకా పోసి తెచ్చిన పాలు సగం పళ్ళెంలో ఒలికాయి. పోయేటప్పుడు గేటు దగ్గర ఆమె ఆ అమ్మాయి చేతులు పట్టుకుని ఎంతకీ వదల్లేదు. కిటికీలోంచి చూస్తున్న మాస్టారికి కోడలి మంచితనం నచ్చింది. ఇంత మందబుద్ధికి పని ఇచ్చిన ఆ అమాయకులెవరో అని మాత్రం కాస్త జాలిపడ్డారు.

మర్నాడు ఉదయం, నాలుగు వీధుల అవతల ఒక ఇంట్లో, పక్షవాతంతో మాట పడిపోయి గోడవైపు తిరిగి పడుకున్న ముసలి దర్జీ మంచం పక్కన, ఆ అమ్మాయి ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

“సూదిలో దారం ఎక్కించడం కూడా నాకు రాదండీ.”