పలకకు తోడు పెట్టె

“ఇది ల్యాప్‌టాపా, గేదెనా?” అంటూ యూచెంగ్ ఆ యంత్రాన్ని రెండు చేతులతో ఎత్తి, నడుం పట్టేసినట్టు మూలిగాడు.

షూఫెన్‌కి ఒళ్లు మండింది. ఆ గేదె ఆమె రెండేళ్ల కష్టం. తైపేలోని ఆ చిన్న కంపెనీలో ఆమె ఇంజనీరు, అతను డిజైనరు. పైగా ఛైర్మన్ త్సెంగ్‌కి సొంత అల్లుడు. మధ్యాహ్నం ఒసాకా బీమా కంపెనీ తరఫున నగత్సుకా గారు వస్తున్నారు. ఆయనకి చూపించేది ఇద్దరిలో ఒకరి యంత్రమే. రెండోది స్టోర్‌రూముకి పోతుంది, దాన్ని చేసినవాళ్లు ఛార్జర్ల విభాగానికి పోతారు.

“ఇప్పుడు నాది చూడండి మామయ్యా!” యూచెంగ్ ఓ కాగితం కవరులోంచి వెండి పలకలాంటిది బయటికి లాగాడు. “ఎనిమిదే మిల్లీమీటర్లు!”

టీ బల్ల దగ్గర కూర్చుని కప్పులు వేణ్నీళ్లతో తొలుస్తున్న ఛైర్మన్ చేతులు తుడుచుకుని దాన్ని అందుకున్నాడు. మొహం చేటంతయింది.

“అబ్బ! అన్నానికి చుట్టే నాచు రేకులా ఉందే!”

“ఫ్యాను ఎక్కడుందో అడగండి సార్,” అంది షూఫెన్.

“ఫ్యాను లేదు,” అన్నాడు యూచెంగ్.

“వేడెక్కితే?”

“చలికాలం చేతులు కాచుకోవచ్చు.”

మామగారు పగలబడి నవ్వాడు. షూఫెన్ నవ్వలేదు.

“బ్యాటరీ ఎంతసేపొస్తుంది?”

“మూడు గంటలు.”

“బీమా ఏజెంట్లు పొద్దస్తమానం ఇళ్లమ్మట తిరుగుతారు బాబూ. మూడు గంటలకే చచ్చే యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని జీవిత బీమా ఎలా అమ్ముతారు?”

“కందకు లేని దురద కత్తిపీటకెందుకక్కా? కొనేవాళ్లు అడగలేదుగా!”

“అడుగుతారు,” అన్నాడు ఛైర్మన్, టీ వంచుతూ. “నిరుడే అడిగారు. వాళ్ల ఆఫీసుల్లో ఇంకా పాత ప్రొజెక్టర్లే. దాని వైరు పట్టే వెడల్పాటి కన్నం ఉండాలన్నారు. నెట్ కేబుల్‌కి ఇంకోటి.”

యూచెంగ్ ఏమాత్రం తడుముకోలేదు.

“వాటికో చిన్న పెట్టె ఇద్దాం మామయ్యా. పలక చేతిలో, పెట్టె సంచిలో.”

“మరి బ్యాటరీ?”

“పెద్దది పెట్టెలో పెడదాం.”

ఛైర్మన్ పలక మీద నాలుగు అక్షరాలు కొట్టి వేళ్లు విదిలించాడు. “మీటలు దిగడం లేదోయ్. గోడ మీద కొట్టినట్టుంది.”

“దిగే మీటలు పెట్టె మీద పెడదాం. అక్క బెంగపడకుండా ఫ్యాను కూడా అందులోనే!”

“శభాష్!” ఛైర్మన్ కప్పు ఎత్తాడు. “పలకే ఖాయం. షూఫెన్, ఆ పెట్టె సంగతి నువ్వు చూడమ్మా. రెండింటికల్లా కావాలి.”

గేదెను గుండెకి హత్తుకుని షూఫెన్ తన పనిబల్ల దగ్గరికి వచ్చింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. తర్వాత ముక్కు తుడుచుకుని ఆలోచించింది. రెండింటికల్లా పెట్టె ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది? ఆ కన్నాలూ, పెద్ద బ్యాటరీ, దిగే మీటలూ, ఫ్యానూ అన్నీ ఒక్కచోట ఉన్నది తన గేదెలోనే. నిండా మునిగినవాడికి చలేమిటనుకుని స్క్రూడ్రైవర్ తీసి దాని తెర ఊడబెరికింది. తెర ఉన్నచోట గాడి మిగిలింది. పలకను కలపడానికి ఓ వైరు బయటికి లాగింది. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తియ్యకుండానే ఉండిపోయింది.

“భలే చేశావక్కా! ఇంత తొందరగా ఎలా?” అన్నాడు యూచెంగ్ పెట్టెను అటూ ఇటూ తిప్పి. తల లేని గేదెను పోల్చుకోలేకపోయాడు.

అతనే పలక మీటల భాగాన్ని తెర వెనక్కి మడిచి, తెర మాత్రం ఇటు కనబడేలా పెట్టె గాడిలో నిలబెట్టాడు. మామగారు మొక్కజొన్న చిరుతిండి ఆకుపచ్చ పాకెట్టు ఒకటి తెచ్చి, తారీఖు దాటలేదని రెండుసార్లు చూసుకుని, అక్కడివాళ్ల నమ్మకం ప్రకారం యంత్రం మొండికెయ్యకుండా దాని పక్కన పెట్టాడు.

“ఆయనతో ముందేం చెప్పకండి మామయ్యా. తనంతట తనే నా పలకను చూసి మురిసిపోవాలి!”

నగత్సుకా గారు వచ్చారు. నడుం వంచి దణ్ణం పెట్టారు, కూర్చున్నారు, టీ తాగారు. తర్వాత మీటల మీద వేళ్లు పెట్టి గబగబా ఓ పేజీ కొట్టారు. ప్రొజెక్టర్ వైరు గుచ్చి చూశారు, నెట్ కేబుల్ గుచ్చి చూశారు. మొత్తాన్ని ఎత్తి బరువు చూసి దించారు. షూఫెన్ తలుపు దగ్గర నిలబడి తన మీటల చప్పుడు వింటోంది.

“బ్యాటరీ ఎంతసేపు?” అడిగారాయన.

“పన్నెండు గంటలు,” అంది షూఫెన్, ఎవరూ తనని అడక్కపోయినా.

“సరిగ్గా ఇదే. మావాళ్లు ఎన్నేళ్ల నుంచో అడుగుతున్నది ఇదే. రెండు వేల యంత్రాలు పంపించండి.”

ఛైర్మన్ అల్లుడి వీపు చరిచాడు. అల్లుడు షూఫెన్ వైపు చూసి కన్ను గీటాడు. ఆమెకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది.

నగత్సుకా గారు మాత్రం ఇంకా లేవలేదు. పళ్ల సందులోంచి గాలి పీల్చి, మొహమాటంగా మెడ గోక్కున్నారు.

“తప్పుగా అనుకోకపోతే ఒక్క చిన్న మనవి.”

“చెప్పండి, చెప్పండి!” అన్నారు మామా అల్లుళ్లు ఒక్కసారే.

ఆయన పలక అంచు రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపారు.

“యంత్రం బ్రహ్మాండంగా ఉంది. ఈ మూతే మరీ పల్చగా ఉంది, కాస్త మందంగా చేసిస్తారా?”