గాలి మళ్ళే వేళ

ఊరిని సముద్రం మింగేశాక నూకరత్నం వాళ్ళకి రామగుండం పక్కన కొత్త కాలనీలో ఇల్లిచ్చారు. అక్కడ పొద్దెక్కగానే ప్రతి ఇంటి తలుపులూ కిటికీలూ వాటంతట అవే మూసుకుంటాయి. పొద్దుగూకితే గాని తెరుచుకోవు. జనం పనులకి వెళ్ళేది రాత్రిళ్ళే.

"పగటిపూట కిటికి తెరవకు పెద్దమ్మా. బయట ఉన్నది గాలి కాదు, పొయ్యి," అని పక్కింటి రాజవ్వ మొదటిరోజే చెప్పింది.

"గాలి పొయ్యేంటే, చోద్యం!" అని నవ్వింది నూకరత్నం. కాకినాడ తీరంలో మిట్టమధ్యాహ్నం గాలి మళ్ళి, సముద్రం మీంచి చల్లగా కొట్టేది. తూర్పు గుమ్మంలో ఉయ్యాల కట్టి, తన పిల్లలందర్నీ ఆ గాలికే పెంచిందామె.

ఆవేళ కోడలు సత్యవతి రాత్రి పని నుంచి వచ్చి, లోపలి గదిలో ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది. మధ్యాహ్నం కరెంటు పోయింది. చల్లటి గాలి మిషను ఆగింది. నెలల మనవడు చెమటతో తడిసి గుక్కపెట్టి ఏడవసాగాడు.

సామాను ఇంకా మూటల్లోనే ఉంది. నూకరత్నం చేపలు కోసే కత్తి వెతికి తీసి, తూర్పు కిటికీ గడియ పెకలించింది. ఉయ్యాలని దాని కిందికి జరిపింది.

"ఏడవకురా నాన్నా, ఇప్పుడే మళ్ళుద్ది గాలి," అంటూ ఊపింది. ఆమెకీ కళ్ళు తిరిగాయి. కొత్త చోటు కదా అనుకుంది.

కాసేపటికి ఏడుపు ఆగింది.

పొద్దుగూకి తలుపులు తెరుచుకున్న చప్పుడుకి సత్యవతి లేచి వచ్చింది. నూకరత్నం ఇంకా ఉయ్యాల ఊపుతూనే ఉంది.

"గట్టిగా మాటాడకే అమ్మాయ్. గాలి తగిలేసరికి ఎంత హాయిగా తొంగున్నాడో చూడు."