శాన్ లోరెంజో మెట్లు

ఇటలీలోని జెనోవా రేవులో పాత కట్టడాలు చూడ్డానికొచ్చే యాత్రికులందరికీ ఇప్పుడు కళ్లజోళ్లు ఇస్తున్నారు. అవి పెట్టుకుంటే దీపస్తంభం, రాజభవనాలు, శాన్ లోరెంజో చర్చి, అన్నీ కట్టిన నాటిలా తళతళలాడతాయి. వాటి ముందు ఊడ్చేవాళ్లూ కడిగేవాళ్లూ మాత్రం కనిపించరు. ఏది కట్టడమో ఏది చెత్తో ఆ అద్దాలకి బాగా తెలుసు.

చర్చి మెట్లు కడిగే సలోమికి జనం కాళ్ల మధ్య నుంచి తప్పుకోవడం అలవాటే. ఆ పొద్దున మాత్రం రాతి సింహం కింద నాచు గీకుతూ ఏమరుపాటుగా ఉండగా, ఒక ఎత్తుమడమ చెప్పు ఆమె చేతిని తొక్కేసింది.

"అమ్మో, నా చెయ్యి!" అని అరిచింది సలోమి.

తొక్కినావిడ గబుక్కున కళ్లజోడు తీసింది. "అయ్యయ్యో, తెలుగమ్మాయివా! చూళ్లేదమ్మా. ఏ ఊరు మీది?"

ఒక మనిషి తన మొహంలోకి చూసి మాట్లాడి ఎన్నాళ్లయిందో! సలోమి నొప్పి మరిచిపోయింది. "రాజోలండి."

"మాదీ రాజోలేనమ్మా!" ఆవిడ వంగి ఆ చెయ్యి పట్టుకుని, కందిన వేళ్లు నిమిరింది. "ఊళ్లో ఎటువైపు?"

"కాలవకి అవతలండి. పేటలో."

నిమిరే చెయ్యి ఆగింది. ఆవిడ చేతిరుమాలుతో తన వేళ్లు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుంది.

"ఏంటి, ఆగిపోయావ్?" పైమెట్టు మీంచి భర్త అడిగాడు.

"ఏం లేదండీ. కాలికేదో అడ్డమొచ్చింది."

ఆవిడ మళ్లీ అడుగేసింది. ఈసారి సలోమే ముందుగా చెయ్యి లాగేసుకుంది.