కిటికీకి అంటించిన మంచు

"అమ్మా, ఆ దూది పీకకే! షూటింగ్ అయ్యేదాకా ఉండాలి," అని అరిచింది కెజియా.

ఏలూరులో తమ ఇంటి కిటికీకి అంటించిన దూదిని సారమ్మ అప్పటికే సగం పీకేసింది.

డైరెక్టర్ వెస్లీ తల పట్టుకున్నాడు. "అది మంచండీ. క్రిస్మస్ నవల రాయలేక విసిగిపోయిన రచయిత్రి ఆ మంచు చూసి మళ్ళీ కలం పడుతుంది. మీ అమ్మాయి రాసిన కథేనండీ."

"మన మంచు తెల్లారి గడ్డి తడుపుతుంది గానీ, ఇలా గుట్టలు పడుతుందా బాబూ?"

"గ్రీటింగ్ కార్డుల్లో అలాగే ఉంటుందమ్మా," అంది కెజియా.

"నువ్వు పుట్టింది కార్డులోనా? సరిగ్గా క్రిస్మస్ నాడు, కొల్లేట్లో చేపల చెరువు గట్టు మీద, కాపలా పాకలో పుట్టావు. మీ నాన్న దోనె తెచ్చేసరికి వలల మీద పడుకుని ఏడుస్తున్నావు. ప్రభువూ పాకలోనే పుట్టాడు కదా అని నేను మాత్రం ఏడవలేదు. అది రాయడానికి సిగ్గా?"

కెజియా తల దించుకుంది. చేపల కంపని బళ్ళో పక్కన ఎవరూ కూర్చోనప్పటి నుంచీ ఆ పాక మాట ఆమె ఎక్కడా ఎత్తలేదు.

"చేపల కంపులో క్రిస్మస్ ఎవరు చూస్తారండీ?" అన్నాడు వెస్లీ.

కెజియా లేచి, మిగిలిన దూది తనే పీకేసింది.

"ఎందుకు చూడరో నేనూ చూస్తానండీ."

"కొల్లేట్లో చెరువు గట్లన్నీ గవర్నమెంటు వాళ్ళు కొట్టేశారు కదండీ! ఇప్పుడక్కడ పాకెక్కడుంది?"

"పాక పోతే పోయిందండీ. అందులో నన్ను కన్న మనిషి ఇక్కడే ఉంది. కెమెరా ఇటు తిప్పండి."